ఉక్కు ఫ్యాక్టరీకి ఒక హీటర్

వెర్లాంజ్ ఉక్కు ఫ్యాక్టరీ ఇక ఎన్నటికీ మూతపడదని పారిశ్రామిక స్మృతుల శాఖ మంత్రి థియోఫిల్ రుమాన్‌గారు ఫ్యాక్టరీ గేటు ముందు నిలబడి ప్రకటించారు. జనం చప్పట్లు కొట్టారు. ఆ మాటలో తప్పు పట్టడానికి ఏమీ లేదు. ఫ్యాక్టరీ మూతపడి ఇరవై ఏళ్లు దాటింది. మూసేసినదాన్ని మళ్లీ మూయడం ఏ ప్రభుత్వానికీ సాధ్యం కాదు. మా ఊరికి ఇంతవరకు ఏ మంత్రి ఇచ్చిన హామీ నిలబడలేదు. నిలబడక తప్పని హామీని వెతికి పట్టుకొచ్చిన మొదటి మంత్రి రుమాన్‌గారే. అందుకే ఆయనంటే నాకు గౌరవం.

గేటుకు ఎదురుగా నాకో కాఫీ హోటల్ ఉంది. మా నాన్న పెట్టింది. ఫ్యాక్టరీ నడిచినప్పుడు కార్మికులకు కాఫీ పోశాం. సమ్మెలప్పుడు వాళ్లకీ, వాళ్లను చెదరగొట్టడానికొచ్చిన పోలీసులకీ పోశాం. మూసినప్పుడు పత్రికల వాళ్లకు పోశాం. ఇప్పుడు టూరిస్టులకు పోస్తున్నాం. కనుక నేను చెప్పేది ఏ పక్షానిదీ కాదు.

ఫ్యాక్టరీ చరిత్ర మంత్రిగారు ఆ రోజు చక్కగా చెప్పారు. టైము చాలక వదిలేసినవి నేను కలుపుతాను. పూర్వం ఈ లోయలో బంగాళాదుంపలూ రేగుపళ్లూ పండేవి. వార్నువా దొరగారు భూమి కింద ఎర్రరాయి ఉందని కనిపెట్టి, పైనున్నవాళ్లను కిందికి దించారు. వాళ్లు చాలకపోతే ఇటలీ నుంచి, పోలండ్ నుంచి మనుషుల్ని తెప్పించారు. ఇళ్లూ బడీ చర్చీ ఆసుపత్రీ కంపెనీవే. చచ్చాక పూడ్చే జాగా కూడా కంపెనీదే. ఆరు కొలుములు పగలూ రాత్రీ మండేవి. పెరట్లో ఆరేసిన తెల్లదుప్పటి ఎర్రగా తిరిగొచ్చేది.

తర్వాత ఉక్కు ధర పడిపోయింది. ఒక్కో కొలిమి ఆరినప్పుడల్లా ఒక మంత్రి వచ్చి, మిగిలినవి ఆరవని మాటిచ్చి, నా హోటల్లో కాఫీ తాగి వెళ్లేవాడు. ఐదు కొలుముల్ని ముక్కలుగా కోసి ఓడలెక్కించారు. ఆరోదాన్ని కోసే ఖర్చు దాని ఇనుముకొచ్చే డబ్బుకంటే ఎక్కువని తేలింది. వెంటనే దాన్ని జాతీయ స్మారకంగా ప్రకటించారు. అది తుప్పు పట్టి పెచ్చులు పెచ్చులుగా రాలుతుంటే, నిపుణుల్ని పిలిపించి, పెచ్చులు గీకించి, పైన తుప్పు రంగు పెయింటు వేయించారు. ఇప్పుడది నిజం తుప్పుకంటే బాగుంది.

స్మారకం చూడ్డానికి వచ్చేవాళ్లకు మనుషులు కూడా కనబడాలని మంత్రిగారి ఆలోచన. పారిస్ నుంచి వచ్చిన కొత్త డైరెక్టరు, ఫ్లోరియాన్ డెల్మా అనే కుర్రాడు, ఊళ్లో ఇంకా నడవగలిగిన పాత కార్మికుల్ని పదిమందిని ఏరి ఉద్యోగాలిచ్చాడు. ఉద్యోగం పేరు 'సజీవ స్మృతి వాహకులు'. పని ఏమిటంటే, పని చేస్తున్నట్టు కనబడటం. టూరిస్టులు లోపలికి రాగానే గంట మోగుతుంది. స్టానిస్ వోయ్తాల్ పొడుగాటి ఇనుపకడ్డీ తీసి కొలిమి నోట్లో పొడుస్తాడు. వెనకాల తెర మీద కరిగిన ఇనుము పారుతుంది. ఆర్మాండో పెజ్జోలి నుదుటి మీద చెమట తుడుచుకుంటాడు. చెమట స్క్రిప్టులో ఉంది. అక్టోబరు వచ్చాక ఆ చోట అతను ముక్కు తుడుచుకోవడం మొదలుపెట్టాడు.

ఎందుకంటే ఆ షెడ్డు చర్చి కంటే ఎత్తు, బాతుల చెరువు కంటే చలి. కప్పులో కన్నాలు. పైన పావురాలు కూడా దగ్గరదగ్గరగా కూర్చునేవి. వీళ్లకు తొడిగిన వెండిరంగు కోట్లు చూడ్డానికి పాతకోట్లలాగే ఉన్నాయి. ఆ పాతకోట్లు వేడిని లోపలికి రానిచ్చేవి కావు. ఇవి నాటకాల దర్జీ కుట్టినవి. దేన్నీ ఆపవు.

ఆర్మాండో పూర్వం యూనియన్ లీడరు. అందరి తరఫునా డైరెక్టరు గదికి వెళ్లాడు. కాఫీ ఇవ్వడానికి నేనూ అక్కడే ఉన్నాను.

"బాబూ డైరెక్టరుగారూ, షెడ్డులో ఒక హీటర్ పెట్టించండి. కొలిమి ముందు నిలబడి వణుకుతుంటే మాకే సిగ్గుగా ఉంది."

"పెజ్జోలిగారూ, మీ ఇబ్బంది నాకు అర్థమైంది. కానీ అథెంటిసిటీ అని ఒకటుంది. అప్పట్లో ఇక్కడ హీటర్ ఉండేదా?"

"అప్పట్లో ఇక్కడ కరిగిన ఇనుము ఉండేది."

"అదే నేననేది. హీటర్ లేదు కదా."

ఆర్మాండో టోపీ పెట్టుకుని వెనక్కి తిరిగాడు. తన కాలంలో డైరెక్టర్లు ఇంత నిజాయితీగా మాట్లాడేవాళ్లు కాదని బయటికొచ్చాక నాతో అన్నాడు.

ఈ హీటరు గొడవ అందరికంటే ఎక్కువగా పట్టుకున్నది స్టానిస్ భార్య యాద్విగా. ఒకరోజు మొగుడికి మఫ్లర్ చుట్టి, వెంటబెట్టుకుని, నా హోటల్లోకి వచ్చింది.

"ఏమయ్యా ఫెర్నాన్, వీళ్లు హీటర్ ఇస్తారా, ఇవ్వరా?" అని నన్ను నిలదీసింది, ఫ్యాక్టరీ నాదైనట్టు.

"అడుగుతున్నారు వదినా."

"అడుగుతూ కూర్చుంటే ఈయన ఊపిరితిత్తులు ఆగుతాయా? పోయిన చలికాలం ఆసుపత్రిలో పడున్నాడు. చలిలో నిలబడితే మళ్లీ తన దగ్గరికి రావద్దు, సరాసరి చర్చి ఫాదర్ దగ్గరికి వెళ్లమన్నాడు డాక్టరు. నవంబరులో సెయింట్ మార్టిన్ పండగలోపు హీటర్ రాకపోతే ఈయన్ని గడప దాటనివ్వను. తలుపుకి తాళం వేస్తాను."

"ఇంట్లో కూర్చోబెడితే ఆర్నెల్లు బతకను" అన్నాడు స్టానిస్.

"అక్కడ నిలబడితే మూణ్నెల్లు."

"మరి హీటర్ ఉంటే?" అన్నాన్నేను.

"హీటర్ ఉంటే నాకంటే ఎక్కువ బతికి, నన్ను పూడ్చిన రోజే చర్చి ముందు ఇంకోదాన్ని చూసుకుంటాడు." మఫ్లర్ ఇంకో చుట్టు చుట్టింది. "ఇరవై ఏళ్లు కిటికీలోంచి ఆ చిమ్నీని చూస్తూ కూర్చున్నాడయ్యా. సూప్‌లో ఉప్పుందో లేదో కూడా చెప్పేవాడు కాదు. ఈ ఉద్యోగం వచ్చాకే నోరు విప్పాడు. ఇప్పుడు వాగుడాపడు. అయినా నాకు అదే బాగుంది. అందుకే అడుగుతున్నా, హీటర్ ఇస్తారా, ఇవ్వరా?"

హీటర్ సంగతి ఫ్లోరియాన్ మంత్రిగారి చెవిన వేశాడు. మంత్రిగారు చలించిపోయారు. వెంటనే చలిని అధ్యయనం చేయడానికి ఒక కమిటీ వేశారు. కమిటీ సభ్యులు జూన్ నెలలో స్వయంగా వచ్చి షెడ్డులో నిలబడి చూస్తారని కబురొచ్చింది.

ఆ కబురు విన్న మర్నాడే పదిమందీ షెడ్డులో నిలబడి సమ్మెకు సరేనని చేతులెత్తారు. సమ్మె మొదలైంది.

మా ఊళ్లో సమ్మె ఎలా చేయాలో ఎవరూ ఎవరికీ నేర్పక్కర్లేదు. గేటు దగ్గర ఖాళీ నూనెపీపా నిలబెడతారు. చెక్క ప్యాలెట్లు విరగ్గొట్టి అందులో మంట వేస్తారు. మంట మీద సాసేజీలు కాలుస్తారు. సమ్మెమంటను ఆర్పడానికి వచ్చిన పోలీసు కూడా ముందు చేతులు కాచుకుంటాడు, తర్వాత రొట్టె ముక్క తీసుకుంటాడు, ఆ తర్వాత ఆర్పడానికి మొహమాటపడతాడు. స్టానిస్ పీపా పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. చాలా రోజుల తర్వాత ఆ రోజు దగ్గలేదు. సమ్మె మొదలుపెట్టిన గంటలోనే డిమాండు తీరిపోయిన సమ్మె మా చరిత్రలో అదొక్కటే.

అప్పుడే హాలండ్ నుంచి టూరిస్టుల బస్సు దిగింది. దిగినవాళ్లు మంటనూ జెండానూ చూసి, నిలబడిపోయి, చప్పట్లు కొట్టారు. ఒక పంతులమ్మ ఆర్మాండో దగ్గరికి వచ్చింది.

"మీ కోపం ఎంత సహజంగా ఉందండీ."

"అమ్మా, ఇది నిజం సమ్మె."

"తెలుసు, తెలుసు" అని కన్ను గీటింది. "మళ్లీ ఎన్నింటికి?"

మర్నాడు రెండు బస్సులొచ్చాయి. ఆ తర్వాత జర్మనీ నుంచి రిటైరైన బ్యాంకు ఉద్యోగుల సంఘం వచ్చింది. వాళ్లు నినాదాలు కూడా నేర్చుకున్నారు. యాజమాన్యం డౌన్ డౌన్ అని బ్యాంకు మేనేజర్లు పిడికిళ్లు బిగించి అరుస్తుంటే మా ఆర్మాండో జెండా దించి చూస్తూ నిలబడ్డాడు. ఫ్లోరియాన్ మాత్రం కిటికీలోంచి చూస్తూ, "విజిటర్ ఎక్స్‌పీరియన్స్ అంటే ఇదీ" అన్నాడు.

అంతలో వాన పట్టుకుంది. పీపాలో మంట ఆరింది. స్టానిస్‌కు దగ్గు తిరిగొచ్చింది. ఇక ఉద్యమాన్ని తరవాతి మెట్టుకు తీసుకెళ్లక తప్పలేదు. మా దగ్గర ఆ తరవాతి మెట్టు డైరెక్టర్ని గదిలో పెట్టి కదలనివ్వకపోవడం. ఫ్యాక్టరీ మొత్తం మీద వెచ్చగా ఉండేది డైరెక్టరు గది ఒక్కటే. అందుచేత ఆయన్ని అందులోనే నిర్బంధించారు. నిర్బంధం గట్టిగా ఉండాలని పదిమందీ ఆయనతోపాటు లోపలే కూర్చున్నారు.

మా ఊళ్లో డైరెక్టర్ని నిర్బంధించడం పెళ్లి చేసినంత పని. మర్యాదల్లో లోటు రాకూడదు. ఆయన మీద చెయ్యి వేయకూడదు. వేళకు భోజనం పెట్టాలి. ఇంట్లోవాళ్లకు ఫోన్ చేసుకోనివ్వాలి. పేకాటలో ఒకటి రెండు ఆటలు గెలవనివ్వాలి. గుడ్లూ పందిమాంసం ముక్కలూ వేసి కాల్చిన టార్టు నేనే పట్టుకెళ్లాను. గది గోడ గాజుది కావడంతో అవతల టూరిస్టులు ముక్కులు ఆనించి చూస్తున్నారు.

"నన్నెప్పుడు వదుల్తారు?" అని అడిగాడు ఫ్లోరియాన్.

"ఏం బాబూ, తొందరగా ఉందా?" అన్నాడు ఆర్మాండో, పేకముక్కలు పంచుతూ.

"తొందరేం లేదు. ఇంకాసేపు ఉండేటట్టయితే జుట్టు దువ్వుకుందామని. ఫొటోలు తీస్తున్నారు."

"దువ్వుకోండి. కానీ కాస్త దిగులుగా ఉండండి. మీకంటే ముందు ఇక్కడ కూర్చున్న డైరెక్టరు ఎంత దిగులుగా ఉండేవాడనుకున్నారు? చూస్తే ముద్దొచ్చేవాడు."

స్టానిస్ రేడియేటర్ పక్కన చేరి, వీపు ఆనించి, నిద్రపోయాడు. అతని గురక వింటూ మిగిలినవాళ్లు నెమ్మదిగా ఆడారు.

పద్ధతి ప్రకారం నిర్బంధంలో ఉన్న డైరెక్టరు పైవాళ్లకు ఫోన్ చేయాలి. ఫ్లోరియాన్ మంత్రిగారికి చేసి, అందరికీ వినబడేటట్టు స్పీకర్ పెట్టాడు.

"సార్, నన్ను బంధించారు."

"అలాగా. విజిటర్లు ఎంతమంది వస్తున్నారు?"

ఫ్లోరియాన్ చెప్పాడు. అవతల కాగితం మీద కలం గీరిన చప్పుడు.

"కార్మికుల ఆవేదన నన్ను కదిలించింది" అన్నారు మంత్రిగారు. "నేనే వస్తున్నాను. హీటర్ కూడా తెస్తున్నాను."

గదిలో కేకలు పుట్టాయి. ఆర్మాండో ఫ్లోరియాన్‌ను కౌగిలించుకున్నాడు. స్టానిస్‌ను లేపి ఆ మాట చెబితే, ముందు యాద్విగాకు చెప్పమని మళ్లీ పడుకున్నాడు.

మంత్రిగారు మాట నిలబెట్టుకున్నారు. కారులో ఆయన, వెనకాల లారీలో హీటర్. పసుపుపచ్చగా, దూడంత ఉంది. ఒక్కసారి మీట నొక్కితే షెడ్డంతా వేడెక్కుతుందట. దాని చుట్టూ మూడురంగుల రిబ్బను కట్టారు. గేటు ముందు ఊరంతా చేరింది. మొదటి వరసలో యాద్విగా, కొత్త శాలువాలో. స్టానిస్‌ను తన పక్కనే నిలబెట్టుకుంది. మంత్రిగారు కత్తెర తీసుకున్నారు.

సరిగ్గా అప్పుడు ఆయన పక్కనున్న స్మారకాల ఇన్‌స్పెక్టరమ్మ, మదాం సోలాంజ్ మెర్లియేగారు, ఆయన చెవిలో రహస్యంగా మాట్లాడారు. మైకు ఆన్‌లో ఉండటంతో ఆ రహస్యం మా అందరికీ వినబడింది.

"మంత్రిగారూ, ఉక్కు ఫ్యాక్టరీల్లో సమ్మెలన్నీ అంతరించిపోయాయి. బతికి ఉన్నది ఈ ఒక్కటే."

"అయితే?"

"హీటర్ ఇస్తే ఇదీ పోతుంది."

కత్తెర గాల్లో ఆగింది. మంత్రిగారు హీటర్ వైపు చూశారు. బస్సుల వైపు చూశారు. రాజనీతిజ్ఞుడు అంటే ఎవరో నాకు ఆ క్షణంలో తెలిసింది. ఆయన కత్తెర జేబులో పెట్టుకుని మైకు ముందుకొచ్చారు.

"కార్మిక సోదరులారా, హీటర్ ఎవరైనా ఇస్తారు. గత ప్రభుత్వాలు సమ్మెల్ని అణిచాయి. కొన్ని ప్రభుత్వాలు బుజ్జగించి ఆపించాయి. ఈ సమ్మెను మాత్రం మేం కంటికి రెప్పలా కాపాడతాం. ఈ క్షణం నుంచి వెర్లాంజ్ సమ్మె జాతీయ సంపద."

పరాయి ఊళ్ల నుంచి వచ్చినవాళ్లు చప్పట్లు కొట్టారు. ఆర్మాండో టోపీ తీసి ముందుకొచ్చాడు.

"మంత్రిగారూ, మాకంత పెద్ద గౌరవాలొద్దండీ. హీటర్ ఇవ్వండి చాలు."

"పెజ్జోలిగారూ, మీ డిమాండు న్యాయమైనది. న్యాయమైన డిమాండును తీర్చి చంపేయడానికి నాకు చేతులు రావడం లేదు."

"అయితే సమ్మె మానేస్తాం. ఇప్పుడే పనిలోకి పోతాం."

సోలాంజ్‌గారు కంగారుపడ్డారు. "అలా అనకండి. జాతీయ సంపదకు నష్టం కలిగించడం నేరం. దయచేసి మిమ్మల్ని మీరు పాడుచేసుకోకండి."

"ఈవిడ ఏమంటోంది?" అని అడిగాడు స్టానిస్.

"నువ్వు చలిలో ఉంటేనే చూడ్డానికి బాగుంటావంటోంది" అంది యాద్విగా.

లారీ హీటర్‌తోపాటు వెనక్కి తిరిగింది.

తర్వాతి పనులన్నీ చకచకా జరిగిపోయాయి. మా ప్రభుత్వం తలుచుకుంటే ఆలస్యం అనేది ఉండదు. నూనెపీపాలో మంట నిషేధించారు. పొగ తగిలితే తుప్పు పెయింటు నల్లబడుతుందట. సాసేజీలు చల్లగానే తినాలి. రోజూ పదకొండింటికీ మూడింటికీ డైరెక్టర్ని నిర్బంధించాలి. ఆ గదిని కూడా పాతకాలపు పద్ధతికి మార్చారు. అప్పటి ఫొటోలో రేడియేటర్ కనబడలేదని ఊడబీకేశారు. ఇప్పుడు ఫ్లోరియాన్‌కు కూడా జలుబు. దిగులు ముఖం మునుపటికంటే బాగా వస్తోంది.

సెయింట్ మార్టిన్ పండగ దగ్గర పడింది. యాద్విగా బజారులో తాళం కొన్నదని ఊరంతా తెలిసింది. నా హోటల్లో స్టానిస్ మౌనంగా కాఫీ తాగి వెళ్లిపోతున్నాడు. కాఫీ చల్లారిందని కూడా అనడం లేదు.

ఇంతలో హీటర్ తిరిగొచ్చింది.

శాఖ డబ్బుతో కొన్న వస్తువును షాపుకి తిరిగి ఇవ్వడానికి లేదు. కార్మికులకు ఇవ్వడానికి అసలే లేదు. సోలాంజ్‌గారు ఆలోచించి, దాన్ని షెడ్డు మధ్యలో, కొలిమికి ఎదురుగా, గాజుపెట్టెలో పెట్టించారు. కింద ఇత్తడి పలక మీద 'డిమాండు' అని చెక్కించారు. వైరు కత్తిరించేశారు. పక్కన ఇంకో చిన్న పలక. దాని మీద 'అద్దానికి ఆనుకోరాదు' అని.

ప్రారంభోత్సవం పండగ రోజునే పెట్టారు. తాళం వేసేలోపే స్టానిస్ జారుకున్నాడు; యాద్విగా తెల్లారగానే మొగుడిని ఇంటికి లాక్కుపోతానని బయల్దేరింది. నేను వెంట వెళ్లాను. షెడ్డులో పదిమందీ గాజుపెట్టె చుట్టూ చేరి ఉన్నారు. స్టానిస్ మాత్రం రెండు చేతులూ వెనక్కి చాపి అద్దానికి వీపు ఆనించి నిలబడ్డాడు. కళ్లు మూసుకున్నాడు. కోటు గుండీలు విప్పేశాడు.

"ఏమయ్యా, ఒంట్లో బాగాలేదా?" అని యాద్విగా పరిగెత్తింది.

"ఇలా రా" అన్నాడు స్టానిస్. "చెయ్యి పెట్టి చూడు."

ఆమె అరచెయ్యి అద్దం మీద పెట్టింది. తీయలేదు. రెండో అరచెయ్యి కూడా పెట్టింది.

ఫ్లోరియాన్ ముక్కు తుడుచుకుంటూ మాకు సంగతి చెప్పాడు. జాతీయ సంపద చలికి, తేమకు పాడవకుండా గాజుపెట్టెలో ఎప్పుడూ ఒకే వెచ్చదనం ఉండాలని మ్యూజియం రూలు. అందుకని పారిస్ నుంచి మనుషులొచ్చి హీటర్ కింద ఇంకో హీటర్ అమర్చి వెళ్లారు. అది పగలూ రాత్రీ ఆగదు. ఆగితే శాఖకు అలారం మోగుతుంది.

మంత్రిగారు వచ్చారు. గాజుపెట్టెకు ఆనుకుని ఉన్న ముసలాయన్నీ ముసలామెనూ చూసి అడుగు ఆపారు.

"వీళ్లెందుకలా ఆనుకున్నారు? రాసి ఉంది కదా?"

సోలాంజ్‌గారు కళ్లజోడు తీసి కళ్లు ఒత్తుకున్నారు. "మంత్రిగారూ, డిమాండు మీద కార్మికుడికి ఉండే మమకారం ఇది. పుస్తకాల్లో చదివాను. కళ్లారా చూడటం ఇదే మొదలు."

మంత్రిగారు చేతులు జోడించారు. వెంటనే ఆ చిన్న పలక తీయించారు. ఈ ఆనుకోవడాన్ని కూడా జాతీయ సంపదలో చేర్చి, రోజంతా, సెలవు రోజుల్లో కూడా ఆగకుండా కొనసాగించాలని తాను ప్రతిపాదిస్తున్నానని, కార్మిక సోదరుల సమ్మతి కావాలని అన్నారు.

పదిమందీ చేతులెత్తారు. స్టానిస్ ఒక చెయ్యే ఎత్తాడు. రెండోది అద్దం మీద నుంచి తీయలేదు.